పక్కవాడు తప్పిన చోటికి

1979 ఆగస్టు 5, ఆదివారం

ప్రేమరాజు తిరిగొచ్చాడు.

రెండో కీర్తన నడుస్తోంది. నేను క్వయర్ ముందు నిలబడి చెయ్యి ఊపుతున్నాను. పరిమళ హార్మోనియం మీంచి తలెత్తి వెనక తలుపు వైపు చూసింది. నేనూ తిరిగి చూశాను. ముప్పై ఆరేళ్లయినా పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. జుట్టు తెల్లబడింది. ఈ ఉక్కలో నల్లకోటు వేసుకున్నాడు. చివరి బెంచీలో కూర్చుని ఫిడేలు పెట్టెను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు ఒక పాట వాయించమని అడిగారు. ఈరోజు వద్దులెండి అన్నాడు. నన్ను చూసి గట్టిగా కావలించుకున్నాడు. నా ఎడమ భుజం మీదుగా ఏదో అన్నాడు. వినిపించలేదు. నవ్వాను.

సంతోషంగా ఉంది. నిజంగానే సంతోషంగా ఉంది.

ఆగస్టు 6

ఈ నోటుబుక్కు జూలైలో విశాఖపట్నంలో కొన్నాను, చెవి డాక్టరు దగ్గర్నుంచి బస్టాండుకు నడిచి వస్తూ. నిన్నటిదాకా ఇందులో ఒక్క ముక్క రాయలేదు. డాక్టరు చెప్పింది కాగితం మీద పెడితే ఖాయమైపోతుందనిపించింది.

ఈరోజు రాస్తాను. చెవి లోపలి చిన్న ఎముక ఏదో బిగుసుకుపోతోందట. ఎడమ చెవి దాదాపు అయిపోయింది. కుడిది వెళుతోంది. ఆపరేషన్ చేస్తే రావచ్చు, ఉన్న కాస్తా పోవచ్చు. స్కూలు మాస్టరునని డాక్టరుకు చెప్పాను. ఇరవై ఏడేళ్లుగా మిషన్ చర్చిలో క్వయర్ నడుపుతున్నానని చెప్పలేదు.

మా ఆవిడ కరుణకు చెప్పలేదు. చెప్పాలి. క్రిస్మస్ అయ్యాక చెబుతాను.

విచిత్రమేమిటంటే, తిరుగు బస్సులో వెనక సీటు వాళ్ల మాటలన్నీ స్పష్టంగా వినిపించాయి. ఆ రొదలో అందరూ గొంతెత్తి మాట్లాడతారు కదా. ఊరు నిశ్శబ్దంగా ఉన్నప్పుడే నేను చెవిటివాణ్ణి.

ఆగస్టు 12, ఆదివారం

సాయంత్రం ప్రేమరాజును చూడ్డానికి వెళ్లాను. వాళ్లక్క ప్రేమావతి గారింట్లో వీధి గది ఇచ్చారు. ఆవిడ టీ తెచ్చి నా చేతిలో పెట్టి, తమ్ముడి వైపు చూడకుండానే వెళ్లిపోయింది. క్లబ్బుల్లో వాయించిన తమ్ముడని ఆవిడకు ఇప్పటికీ మనసులో ఉంది.

ఆశ్చర్యమేమిటంటే అతని తెలుగు 1943లోనే ఆగిపోయింది. మేం బడిలో కుర్రాళ్లుగా ఉన్నప్పుడు మాట్లాడిన తెలుగే మాట్లాడుతున్నాడు. కలకత్తా, సింగపూరు తిరిగినవాడి నోట్లోంచి మా అమ్మ మాటలు వస్తుంటే టీ చల్లారిపోయేదాకా వింటూ కూర్చున్నాను.

ఇద్దరం మిషన్ బడి నడిపిన దొరసాని గారి దగ్గరే ఫిడేలు నేర్చుకున్నాం. నేను కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించేవాణ్ణి. వాడు కీర్తన మధ్యలో లేనివి చేర్చేవాడు. ఆవిడ నన్ను మెచ్చుకునేది. వాడి వాయిద్యం మాత్రం కళ్లు మూసుకుని వినేది. అప్పుడు ఆ తేడా నాకు తెలియలేదు. తెలిసిందేమో. పద్దెనిమిదో ఏట నేను ఫిడేలు వదిలేసి టీచరు ట్రైనింగుకు వెళ్లాను.

వాడు పదిహేడో ఏట యలమంచిలిలో రైలెక్కి ఖరగ్‌పూర్ వెళ్లాడు. మేనమామకు అక్కడ రైల్వే వర్కుషాపులో పని. ఇతన్నీ అందులో పెట్టారు. యుద్ధం రోజులు. రైల్వే ఇన్‌స్టిట్యూటులో ఆంగ్లో-ఇండియన్ల డాన్సు బ్యాండులో ఫిడేలు వాయించేవాడు జబ్బుపడితే, నూనె మరకల చొక్కాతో వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడట. అక్కడికి వచ్చే అమెరికా సిపాయి ఒకడు ఇతనికి ఒక రికార్డిచ్చాడు. అందులో ఎవరో ఫిడేలు వాయించాడు. వాయించిన వాడి పేరు చెప్పాడు గానీ నాకు అందలేదు, మళ్లీ అడగలేదు.

"ఆ రికార్డు అరిగిపోయేదాకా ఇన్నానురా జ్ఞానం," అన్నాడు. "దొరసాని గారు వద్దన్న పనే ఆయన సేస్తన్నాడు. లోకంలో నానొక్కణ్నే కానన్నమాట అనుకున్నాను."

ఆగస్టు 19, ఆదివారం

ఈరోజు మిగతా కథ. నేను అడగకుండానే చెప్పాడు, గొప్పలేమీ లేకుండా, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

1947లో కలకత్తా చేరాడు. పెద్ద హోటల్లో ఎనిమిది మంది బ్యాండు. పెద్దాయన గోవా మనిషి, పింటో అని, ట్రంపెట్ వాయిస్తాడు. ఫిడేలు వాడితో డాన్సు బ్యాండుకు ఏం పనని హోటలు మేనేజరు అడిగితే, పింటో "వారం రోజులు విను" అన్నాడట. ఆ వారం పదహారేళ్లయింది. మధ్యలో రెండుసార్లు ఓడ బ్యాండులో సింగపూరు వెళ్లొచ్చాడు. బొంబాయిలో కొన్నాళ్లు సినిమా రికార్డింగులు చేశాడు. నచ్చలేదు. యాభై ఫిడేళ్లు ఒకే మాట అంటుంటే తన గొంతు ఎక్కడుందో తనకే తెలియలేదట.

బ్యాండులో పాడే ఐరిస్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. పిల్లల్లేరు. 1971లో కామెర్లతో పోయింది. ఆవిడ మాట వచ్చినప్పుడు కమానును గుడ్డతో తుడవడం మొదలుపెట్టి, మాట అయిపోయినా తుడుస్తూనే ఉన్నాడు.

తర్వాత హోటళ్లలో బ్యాండులు ఒక్కొక్కటే ఎత్తేశారు. రికార్డు పెడితే సరిపోయింది వాళ్లకు. చివరికి ఏడు నెలలు సర్కస్‌లో వాయించాడు. నేను ముఖం చిన్నబుచ్చుకున్నాననుకుంటాను.

"సర్కసు తక్కువేటి కాదురా," అన్నాడు. "పైన తాడు మీద మనిషి నడిసొస్తది. ఆ మనిషి అడుగు తడబడితే మనం ఆగాల. అడుగేస్తే మనం ఎయ్యాల. ఎంత సెవొగ్గి వాయించాలో సూడు."

అప్పుడు పెట్టె తెరిచాడు. నేను కుడిచెవి అతని వైపు ఉండేలా జరిగి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆదివారం మేము పాడే కీర్తననే ఎత్తుకున్నాడు. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు. రెండోసారి అదే కీర్తన నవ్వింది. మూడోసారి ఏదో అడిగింది. నాలుగోసారి తనకు తానే జవాబు చెప్పుకుంది. ఎక్కడా వరస తప్పలేదు, ఎక్కడా ఉన్నచోట ఉండలేదు. జాజ్ అంటే ఇదేనా అని అడిగాను. పాటను ఒకసారి అందరిలా చెప్పి, తర్వాత ఎవరి మాటల్లో వాళ్లు చెప్పడం, అంతే, అన్నాడు.

ఇరవై ఏడేళ్లుగా ఆ కీర్తన నా చేతి కింద ఉంది. అందులో అంత ఉందని నాకు తెలియదు.

ఇది అసూయ కాదు. రాసుకుంటున్నాను కాబట్టి నిజమే రాస్తున్నాను. అసూయ కాదు.

సెప్టెంబరు 2, ఆదివారం

ఆరాధన తర్వాత కమిటీ. పాస్టరు గారు ప్రేమరాజును క్వయర్ పక్కన ఫిడేలు వాయించనిద్దామన్నారు. సెక్రటరీ యేసురాజు గారికి ఇష్టం లేదు. సారా తాగే చోట్ల వాయించిన చెయ్యి దేవుని మందిరంలో ఎలా వాయిస్తుందని ఆయన వాదన. చాలాసేపు నడిచింది. ఆఖరికి అందరూ నా వైపు తిరిగారు. సంగీతం సంగతి మాస్టారు చెప్పాలి అన్నారు యేసురాజు గారు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

అతని వాయిద్యం చాలా గొప్పదని చెప్పాను. మన కీర్తనలకు పొసగదేమో అని కూడా చెప్పాను.

అక్కడితో అయిపోయింది.

క్వయర్‌లో పన్నెండు మంది పిల్లలు. వాళ్లు నా చెయ్యి చూసి పాడటానికి అలవాటుపడ్డారు. పక్కన ఇంకొకరు కొత్తగా ఏదో వాయిస్తే తడబడతారు. వాళ్ల కోసమే అన్నాను.

సెప్టెంబరు 3

పిల్లల కోసమే అన్నాను.

సెప్టెంబరు 9, ఆదివారం

ప్రేమరాజు మామూలుగానే వచ్చాడు. చివరి బెంచీ, ఒళ్లో పెట్టె. బ్యాండు వాళ్లు వాయిద్యాన్ని ఒంటరిగా గదిలో వదలరట, అలవాటైపోయిందన్నాడు. కమిటీ మాట ఎత్తలేదు. చివరి కీర్తనలో ఆడపిల్లలు బాగా పాడారని మెచ్చుకున్నాడు. నేను కృతజ్ఞతలు చెప్పాను. ఆడపిల్లల గొంతులు నాకు మే నెల నుంచి సరిగా అందడం లేదు.

అంత దూరం నుంచి, ఆ చెవులతో, అతనికి ఎవరి గొంతు ఎక్కడ జారుతోందో కూడా తెలుస్తుంది. పక్కన నిలబడితే ఇంకేం తెలిసేదో.

అక్టోబరు 21, ఆదివారం

నిన్న సముద్రానికి వెళ్లాం.

చేపలు తెచ్చే మరిడమ్మ వల్ల. వారానికి రెండుసార్లు నక్కపల్లి అవతలి పేట నుంచి బస్సులో గంపతో వస్తుంది. ప్రేమావతి గారి గుమ్మంలో గంప దించి, లోపలి నుంచి ఫిడేలు వింటూ బేరం మరిచిపోయిందట. మా ఇంటాయన వల లాగినప్పుడు ఇలాగే పాడతాడు బాబూ, ఒకమాట ఆయనంటే ఒకమాట మిగతావోళ్లంటారు అందట. అంతే, శనివారం నాకు సెలవు కదా అని ప్రేమరాజు నన్ను లాక్కుపోయాడు.

మరిడమ్మ పెనిమిటి ఎల్లాజీ. అరవై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. ఒడ్డున రెండు తాళ్ల దగ్గర ముప్పై మంది. ఎల్లాజీ ఒక మాట ఎత్తుతాడు, ముప్పై మందీ దాన్ని అందుకుని వెనక్కి ఒరుగుతారు, తాడు బారెడు వస్తుంది. కెరటాల మోతను మించి అరుస్తారు కాబట్టి నాకు ప్రతి మాటా వినిపించింది. ఎన్నాళ్లకో అలా వినిపించింది.

ప్రేమరాజు మొదట అరగంట ఏమీ వాయించలేదు. ప్యాంటు మడిచి తాడు పట్టుకుని వాళ్లతో లాగాడు. నేను ఇసకలో కూర్చుని అతని పెట్టెకు కాపలా ఉన్నాను. వల సగం వచ్చాక చేతులు తుడుచుకుని వచ్చి ఫిడేలు తీశాడు. ఎల్లాజీ మాట ఎత్తగానే, ముప్పై మంది జవాబుకు ముందున్న సందులో ఫిడేలు ఒక జవాబు చెప్పింది. ఎల్లాజీ తిరిగి చూసి, ఈసారి మాటను కాస్త మార్చి ఎత్తాడు. ఫిడేలూ మార్చింది. ఆయన ఇంకొంచెం సాగదీశాడు. ఇతనూ సాగదీశాడు. లాగేవాళ్లు నవ్వుతున్నారు, లాగుతున్నారు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. కాగితం లేదు. అయినా ఇద్దరూ జీవితమంతా కలిసి వాయించినట్టుంది.

వల ఒడ్డుకు వచ్చాక ఎల్లాజీ ఫిడేలును చేత్తో ముట్టుకోకుండా వంగి చూశాడు. "ఇది మా యాసలోనే మాటాడతన్నాది బాబూ," అన్నాడు.

కలకత్తాలో పదహారేళ్లు సూట్లు వేసుకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు గానీ ఇంతటి మాట ఎవరూ అనలేదని బస్సులో చెప్పాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. మా కమిటీ అతన్ని పొసగడన్నది. కమిటీ అని రాశాను.

డిసెంబరు 2, ఆదివారం

క్రిస్మస్ పాట ప్రాక్టీసు. మూడో చరణంలో నేను ఎక్కడున్నానో తెలియలేదు. పరిమళ రెండుసార్లు ఆపి, తనదే పొరపాటు అంది. తనది కాదు.

డిసెంబరు 16

కుడిచెవిలో రోజంతా ఈల.

డిసెంబరు 25, మంగళవారం

చర్చి నిండిపోయింది. నాతవరం నుంచి కూడా సంఘస్థులు వచ్చారు. బయట షామియానా కింద ఇంకో వంద మంది.

ప్రత్యేక గీతం. రెండు చరణాలు బాగానే వెళ్లాయి. పిల్లల నోళ్లు చూస్తూ నడిపాను. మూడో చరణానికి ముందు హార్మోనియం ఒక్కటే వాయించాలి, దాని శ్రుతిని అందుకుని నేను మొదటి మాట ఎత్తాలి, పిల్లలు నన్ను అందుకోవాలి. హార్మోనియం వినిపించలేదు. పరిమళ వేళ్లు చూసి, సమయం అయిందనుకుని, ఎత్తాను. నా గొంతు నాకు తలలో మోగుతూనే ఉంటుంది. అది సరిగానే ఉందనుకున్నాను.

పరిమళ ముఖం తెల్లబోవడం చూశాను. పిల్లల్లో సగం మంది నోళ్లు ఆగిపోయాయి. మిగతా సగం నన్ను చూస్తూ ఏదో పాడుతున్నారు. పరిమళ చేతులు హార్మోనియం మీంచి లేచిపోయాయి. ముందు వరసలో యేసురాజు గారు కనుబొమలు ముడిచారు. నా చెయ్యి గాలిలో ఉంది. దాన్ని ఎటు దింపాలో తెలియలేదు.

అప్పుడు అందరి తలలూ వెనక్కి తిరిగాయి.

ప్రేమరాజు మధ్య దారిలో నడిచి వస్తున్నాడు, ఫిడేలు వాయిస్తూ. తొందర లేదు. పెళ్లికొడుకు నడిచినట్టు నడుస్తున్నాడు. నాకు కమాను కదలడం మాత్రం కనిపించింది. ఏం వాయించాడో తర్వాత పరిమళ చెప్పింది. నేను ఒక స్వరం కింద ఎత్తానట. అతను నా తప్పు స్వరాన్నే పట్టుకుని, అదే అసలు స్వరమన్నట్టు దాని మీద నిలబడి, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా హార్మోనియం శ్రుతి దాకా ఎక్కాడట. ముందుకు వచ్చి పరిమళకు తల ఊపాడు. పిల్లలకు కళ్లతో చెప్పాడు. మూడో చరణం మొదలైంది. నా చెయ్యి వాళ్ల వెంట నడిచింది.

ఎవరికీ తెలియలేదు. కావాలని అలా కట్టామనుకున్నారు. బయటికి వచ్చాక యేసురాజు గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఫిడేలును అలా వెనక నుంచి తీసుకురావడం మీ ఆలోచనేనా మాస్టారూ అని అడిగారు. గట్టిగా అడిగారు, వినిపించింది.

అవునన్నాను.

డిసెంబరు 26

అవునన్నాను.

డిసెంబరు 30, ఆదివారం

ఒంట్లో బాగాలేదని ఆరాధనకు వెళ్లలేదు. ఒంట్లో బాగానే ఉంది.

1980 జనవరి 2

వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను.

వీధి గదిలో కిటికీ దగ్గర కూర్చుని తీగ మారుస్తున్నాడు. నన్ను చూసి కుర్చీని తనకు కుడిపక్క నుంచి తీసి ఎడమపక్క వేశాడు. అంటే అతను నా కుడిచెవి వైపు ఉంటాడు. అప్పుడు తెలిసింది నాకు, అతనికి తెలుసని.

ఎప్పటి నుంచి అని అడిగాను. మొదటిరోజే అన్నాడు. చర్చి బయట కావలించుకుని నా చెవిలో, మీ అమ్మ ఎప్పుడు పోయిందిరా అని అడిగాడట. నేను నవ్వానట.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదన్నాను. తీగ బిగించడం ఆపి నా ముఖానికి ఎదురుగా తిరిగాడు. పెదాలు కనపడేలా నెమ్మదిగా చెప్పాడు.

"కలకత్తాలో నేను సేరిన కొత్తలో, ఓ పాట మధ్యలో దారి తప్పిపోనాను. ఎక్కడున్నానో తెలీదు. అడ్డమైన స్వరం మీద నిలబడిపోనాను. హోటలు నిండా జనం. పింటో గారు నా ఏపు తిరిగి కూడా సూడలేదు. ఆ స్వరం మీదికే ట్రంపెట్టు తెచ్చి, దాన్నే కొత్త మలుపు సేసేరు. ఆ రేత్రి నాకు సెప్పేరు. బ్యాండులో పక్కోడు తప్పితే ఏలెట్టి సూపించకూడదురా, ఆడు తప్పిన సోటికి నువ్వెల్లాల. నువ్వెల్తే అది తప్పు కాదు."

సెప్టెంబరు కమిటీ గురించి చెప్పాను. మాట్లాడిన మాటలన్నీ, పిల్లల కోసమని నాకు నేను చెప్పుకున్నదీ. నువ్వు పక్కన నిలబడితే నా చెవుల సంగతి బయటపడుతుందని భయపడ్డానని చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను, పదిహేడేళ్లప్పటి నుంచీ నీ మీద ఉన్నదాన్ని.

అది కూడా తనకు తెలుసన్నాడు. కమిటీ సంగతి యేసురాజు గారే చెప్పారట, మీ స్నేహితుడే వద్దన్నాడని.

"తెలిసీ నా కోసం లేసొచ్చేవా?" అన్నాను.

"నీ కోసమేటి? పాట మధ్యలో ఆగిపోయింది కదా," అన్నాడు. తర్వాత నవ్వాడు. "నీ కోసం కూడానులే."

జనవరి 5

కరుణకు చెప్పాను. తను వార్డెనుగా ఉన్న మిషన్ హాస్టలులో పిల్లల దుప్పట్లు లెక్కపెట్టుకుని వచ్చి అప్పుడే కూర్చుంది. అంతా విని, ఏడాదిన్నర నుంచి తెలుసంది.

"మీరు సెప్తారని సూస్తన్నానండి. నేనే అడిగితే మీరు కాదనీసి ఉందురు. అప్పుడు ఇంక సెప్పలేకపోదురు."

బజారుకు వెళ్లినా, చర్చికి వెళ్లినా ఈమధ్య ఆమె నా కుడివైపే నడుస్తోంది. నేను గమనించలేదు. నాకు చెవులే పోతున్నాయనుకున్నాను.

ఫిబ్రవరి 10, ఆదివారం

కమిటీని నేనే అడిగి పెట్టించాను. నిలబడి మూడు సంగతులు చెప్పాను. నాకు చెవులు వినిపించడం లేదు, పోయిన ఏడాది నుంచి దాచాను. సెప్టెంబరులో ప్రేమరాజు గురించి నేను చెప్పింది సంగీతం మాట కాదు, నా భయం. క్రిస్మస్ రోజు నేను తప్పాను, అతను కాశాడు, ఆ పేరు నేను తీసుకున్నాను.

రాసుకుని వెళ్లాను. కాగితం చూసి చదివాను, లేకపోతే మధ్యలో మానేసి ఉందును.

పాస్టరు గారు తల దించుకున్నారు. యేసురాజు గారు నా దగ్గరికి వచ్చి నిలబడి ప్రతి మాటా విడివిడిగా అన్నారు.

"మాస్టారూ, ప్రార్థన మందిరం గుమ్మంలో నిలబడి నాతో అబద్ధం ఆడేరు. అది నాను బేగి మర్చిపోలేను."

మర్చిపోవద్దన్నాను.

క్వయర్ ఇకపై పరిమళ చూస్తుంది. అదీ నేనే అడిగాను. ఈస్టరుకు ప్రేమరాజు వాయించాలని కూడా. దాని మీద మళ్లీ వాదన మొదలైంది. యేసురాజు గారే ఆపారు. నేను చెప్పిన మాట మీద అతన్ని వద్దన్నామని, ఆ మాటే అబద్ధమైనప్పుడు ఆ తీర్మానం ఎలా నిలుస్తుందని అడిగారు. ఆయన అంటే ఇన్నాళ్లూ నాకు ఉన్న అభిప్రాయం మార్చుకుంటున్నాను. నన్ను క్షమించలేదు. న్యాయం మాత్రం చేశారు.

ఇరవై ఏడేళ్లు. పుస్తకాలన్నీ పరిమళకు ఇచ్చేశాను.

ఫిబ్రవరి 17, ఆదివారం

మూడో బెంచీలో కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 23, ఆదివారం

ప్రేమరాజు ఈ నెలంతా మళ్లీ మళ్లీ ఎల్లాజీ దగ్గరికి వెళుతున్నాడు. హాస్టలు ఆడపిల్లల్లో నలుగురికి ఫిడేలు నేర్పడం మొదలుపెట్టాడు. కరుణ చెబుతోంది, మొదటి పది నిమిషాలు ఉన్నది ఉన్నట్టు వాయించమంటాడట, తర్వాత పది నిమిషాలు నీ ఇష్టం అంటాడట. ఆ రెండో పది నిమిషాలు భరించడం కష్టమంటోంది. నవ్వుతూనే అంటోంది.

ఏప్రిల్ 6, ఈస్టరు ఆదివారం

ఉదయం ఆరాధనకు ప్రేమావతి గారు వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. తమ్ముడి ఫిడేలును ఆవిడ ఇంట్లో గోడ అవతల నుంచి వింది గానీ, ఎదురుగా కూర్చుని ఎన్నడూ వినలేదు.

ప్రేమరాజు నల్లకోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. పరిమళ శ్రుతి ఇచ్చింది. పునరుత్థాన కీర్తన. పిల్లలు ఒకసారి పాడి ఆగారు. అక్కడి నుంచి అతను ఒక్కడే.

ఎనిమిది నిమిషాలో, పది నిమిషాలో. నాకు వినిపించలేదు. చెయ్యి అడ్డం పెట్టుకున్నా, కుడిచెవి తిప్పినా, ఎక్కడో ఇంటి వెనక వాన పడుతున్నంత కూడా రాలేదు. కాబట్టి చూశాను. చూసింది రాస్తాను.

కళ్లు మూసుకోలేదు అతను. సంఘం వైపు చూస్తూ వాయించాడు, ఒక్కొక్కరితో మాట్లాడుతున్నట్టు. మధ్యలో ఒకచోట కమాను చిన్నచిన్నగా తెగింది, వెనక నిలబడ్డ మరిడమ్మ పక్కనున్నామె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. అది వల పాట అయి ఉండాలి. ఎల్లాజీ గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు, కానీ అతని భుజాలు వెనక్కి ఒరుగుతున్నాయి. యేసురాజు గారి కాలు బెంచీ కింద తాళం వేస్తోంది. ఆయనకు తెలిసినట్టు లేదు. ప్రేమావతి గారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నారు. అయిపోయాక నేను చప్పట్లు కొట్టబోయి, చర్చి కదా అని ఆగాను.

పదిహేడో ఏట ఈ ఊరు వదిలినవాడు, రైల్వే షెడ్డులో, ఓడల్లో, హోటళ్లలో, సర్కస్ డేరాలో పోగుచేసుకున్నదంతా ఈ చిన్న చర్చిలో పోశాడు. ఊరంతా విన్నది. నేను వినలేదు. నాకు తగిన శిక్షే అనుకున్నాను, అలా అనుకుంటే కొంచెం ఓదార్పుగా ఉంది కాబట్టి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అతని గదికి వెళ్లాను. జనం వచ్చి వెళుతున్నారు. అందరూ వెళ్లేదాకా కూర్చున్నాను. తర్వాత చెప్పాను.

"నేను వినలేదురా. ఒక్క ముక్క కూడా."

అతను నా ముఖం వైపు చూస్తూ ఆలోచించాడు. చెవి లోపల పోయింది ఏమిటో డాక్టరు ఏం చెప్పాడని అడిగాడు. చిన్న ఎముక బిగుసుకుపోయిందన్నాను. నీ గొంతు నీకు వినిపిస్తుందా అన్నాడు. తలంతా మోగుతుందన్నాను. లేచి పెట్టె తెరిచి ఫిడేలు నా చేతుల్లో పెట్టాడు.

ముప్పై అయిదేళ్లయింది ముట్టుకుని. వద్దన్నాను. అతను నా భుజం మీద దాన్ని ఆనించి, గడ్డం పట్టుకుని వంచి, దవడ ఎముక చెక్కకు గట్టిగా ఆనేలా నొక్కాడు. కమాను నా కుడిచేతిలో పెట్టాడు. లాగు అన్నాడు.

లాగాను.

చెవిలో కాదు. పళ్లలో, దవడలో, కణతల్లో. ఆ తీగ నా తల లోపల పలికింది. ఈల లేదు, దూరం లేదు. నా పక్కన ఎవరో తలుపు తీసినట్టు కూడా కాదు, నేనే ఆ ఫిడేలు లోపల కూర్చున్నట్టుంది. ఇంకోసారి లాగాను. వణికింది, అదీ వినిపించింది. తప్పుగా వినిపించింది. ఎన్నాళ్లకు నా తప్పు నాకు వినిపించింది.

అతను నా ముఖం చూసి తల ఊపాడు. నా ఎడమ పక్కకు వచ్చి నిలబడి, నా చెయ్యి తీసేసి, తన వేళ్లు తీగల మీద పెట్టాడు.

"నువ్వు కమాను లాగుతుండు. ఆపొద్దు," అన్నాడు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

నేను లాగాను, అతను వేళ్లు నడిపాడు. ఉదయం వాయించిన కీర్తన మొదటి నుంచి మొదలుపెట్టాడు. నా లాగుడు నెమ్మదిస్తే అతని వేళ్లు నెమ్మదించాయి. నేను తడబడితే ఆగి మళ్లీ అందుకున్నాయి. ఒకే కుర్చీ దగ్గర ఇద్దరు ముసలివాళ్లం వంగి నిలబడ్డాం, కాఫీ తెచ్చిన ప్రేమావతి గారు గ్లాసులతో గుమ్మంలోనే ఉండిపోయారు.

చివరి దాకా వాయించాం. మొత్తం విన్నాను.